అత్తగారు వండని కూర

“మా అమ్మ చేతి బంగాళాదుంపల కూర తిన్నవాడు జన్మలో మరిచిపోలేడు,” అని మరిది మైకులో చెప్పి గుటక వేశాడు. గుటక కూడా మైకులో వినిపించింది.

వంటింట్లో కోడలు ఆ కూరే కలుపుతోంది. ముందుగది నిండా కుర్చీలు, కుర్చీల నిండా చుట్టాలు. అత్తగారి సంస్మరణ సభ. వచ్చినవాళ్ళ తిండి కోడలి పని కాబట్టి, ఆమె సంస్మరణ పొయ్యి దగ్గరే జరుగుతోంది. ఎనభై దాటి బతికిన మనిషిని తలుచుకుంటూ ఒక్కరి కళ్ళలోనూ నీళ్ళు లేవు, అందరి నోళ్ళలోనూ ఊరుతున్నాయి. సంతాప సభ అని పిలిచారు గానీ సంతర్పణ సభ అని ఉంటే సరిపోయేది.

అత్తగారి తమ్ముడు లేచి, మా అక్కది పెట్టే చెయ్యి అన్నాడు. అందరూ తిన్నాకే తినేదనీ, ఏనాడూ నోరెత్తి ఎరగదనీ పెదాలు తుడుచుకుంటూ చెప్పాడు. కోడలు గరిటె గిన్నెకేసి కొట్టింది. ఛీ, పోయిన మనిషిని కూడా గిన్నెలో వేసి నాకుతున్నారు.

అసలు ఆవిడకి వంటే రాదు. వచ్చీరాకపోవడం కాదు, బొత్తిగా రాదు. అన్నం పెడితే మాడేది, పాలు పెడితే పొయ్యి తాగేది. ఆవిడకి వచ్చింది స్కూటర్లు బాగుచెయ్యడం. ఇంటి పక్క షెడ్డులో మామగారు గల్లాపెట్టె దగ్గర కూర్చుని విసురుకుంటుంటే, లోపల బండి కింద పడుకుని బోల్టులు విప్పింది ఈవిడే. ఆయన పేరుకి మెకానిక్, ఈవిడ పనికి మెకానిక్. ఆయన పోయాక షెడ్డు, ఇల్లు, ఇద్దరు కొడుకుల చదువు, అన్నీ ఆ గ్రీజు చేతుల మీదే నడిచాయి. కళ్ళు మూసుకుని ఇంజను చప్పుడు వింటూ, నాడి పట్టిన వైద్యుడిలా జబ్బు చెప్పేసేది. నోరెత్తలేదట. ఆ నోరెత్తితే వీధి చివర కుక్కలు లేచేవి. పేకాటలో ఓడిన మగవాళ్ళ మొహాలు చూసి పొట్ట పట్టుకుని నవ్వేది. డెబ్బై దాటాక సముద్రం చూడాలనిపించి, ఒక్కతే స్కూటరేసుకుని వెళ్ళి, ఎండకి కమిలిపోయి వచ్చింది. ఎవరినడిగి వెళ్ళావని పెద్దకొడుకు నిలదీస్తే, “దారి అడిగి వెళ్ళానురా,” అంది.

కోడలు కాపురానికొచ్చిన రోజునే ఆవిడ సంగతి తేల్చేసింది. “అమ్మాయ్, నాకు వంట రాదు. నీకూ రాకపోయుంటే ఇద్దరం సుఖపడేవాళ్ళం.”

కోడలికి వచ్చు. ఆ నేరానికి శిక్ష ఇప్పటికీ పడుతూనే ఉంది. ఇంటికెవరొచ్చినా ఆమె వండేది, భర్త “అమ్మ వంట” అని వడ్డించమనేవాడు. అమ్మ స్కూటర్లు బాగుచేస్తుందంటే పరువు తక్కువ మరి. సిగ్గుతో ఆడిన అబద్ధం అలవాటై, అలవాటు ముదిరి ఇవాళ జ్ఞాపకమై మైకెక్కింది. సాయంత్రాలు అత్తగారి పక్కన కూర్చుని కోడలు కూడా పని నేర్చుకుంది. క్లచ్ ప్లేట్లు మార్చి లోపలికొస్తే, “ఆడదాని ఒంటికి ఆ పెట్రోలు కంపేమిటి? స్నానం చేసి వడ్డించు,” అనేవాడు భర్త. ఆ కంపే తనకి ఇంపని ఆమె అతనికి ఎప్పుడూ చెప్పలేదు.

మంచం పట్టాక ఒక మధ్యాహ్నం అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుంది. “నేను విదిలించుకున్న గరిటె నీ చేతిలో పడింది. తెలిసే తిన్నాను. ఏం చెయ్యను, కూర బాగుండేది.” ఇద్దరూ నవ్వారు. తర్వాత ఆవిడ నవ్వడం మానేసి గోడ అవతలి షెడ్డు వైపు చూసింది. షెడ్డు తను నడుపుతానని కోడలు ఆ రాత్రే భర్తతో చెప్పింది. చూద్దాంలే అన్నాడు.

ఇప్పుడు అతనే మైకు అందుకున్నాడు. “అమ్మ జ్ఞాపకార్థం, షెడ్డులో తుక్కంతా అమ్మేసి అమ్మ పేరున భోజనశాల తెరుస్తున్నాం. అమ్మ చేతి రుచిని నా భార్య కొనసాగిస్తుంది.”

చప్పట్లు మోగాయి. చూద్దామంటే ఇదన్నమాట చూడటం. భర్త వంటింటి వైపు చెయ్యి ఊపి, రెండు ముక్కలు చెప్పి వడ్డన మొదలుపెట్టమన్నాడు. ఆమె పొయ్యి ఆర్పి, ముందుగదిలోకి వచ్చి మైకు తీసుకుంది.

“మా అత్తగారు ఈ ఇంట్లో ఒక్క కూరా వండలేదు. ఇన్నేళ్ళూ మీరు తిన్నది నా వంట. ఆవిడ మెకానిక్. మీలో సగం మంది బండ్లు ఆవిడ చేతుల్లో పడి బతికినవే. ఆ షెడ్డు మూసేది లేదు. రేపటినుంచి దాన్ని నేను నడుపుతాను.”

కుర్చీలు కిర్రుమన్నాయి. మరిది తన కాళ్ళ వంక చూసుకున్నాడు. భర్త దగ్గరికొచ్చి, తల్లి గురించి కాదు, షెడ్డు గురించీ కాదు, గొంతు తగ్గించి ఒకే ఒక్క మాట అడిగాడు.

“మరి రేపటినుంచి వంట?”

“మీ అమ్మ చేతి రుచి మీకింకా గుర్తుందిగా,” అందామె. “వండుకోండి.”