ఒక పక్క నవ్వు

సోఫాలు, బీరువాలు అమ్మే పెద్ద కొట్టులో ఫిర్యాదులు వినడం చిన్నకోడలి ఉద్యోగం. "మీరు పంపినప్పుడే కాలు విరిగి ఉంది" అంటూ వచ్చేవాళ్లలో సగంమంది, పిల్లలు దానిమీద గెంతుతుంటే మురిసిపోయినవాళ్లే. విసిగిపోయిన యజమాని ఎవరినో పిలిపించి, మొహం చూసి అబద్ధం పట్టడమెలాగో ఉద్యోగులకు నేర్పించాడు. కళ్లు కదలకుండా నవ్వితే అది దొంగనవ్వు. జవాబు ఆలస్యమైతే అనుమానించాలి. పెదవి ఒక పక్కకే లేచిందా, ఇక సందేహమే లేదు.

ఆ విద్య ఆమెకు ఇట్టే అబ్బింది. ఇంట్లో అందరి గుట్టూ రట్టు చేయసాగింది. తోటికోడలు కొత్త చెప్పులు పాతవంటే పట్టేసింది. భర్త దారిలో ఇరుక్కుపోయానంటే, "ఎవరితో కబుర్లలో?" అని నిలదీసింది. చిక్కనిది మామగారొక్కరే. కర్టెన్లు కుట్టే దర్జీ ఆయన. "గుడ్డ కోతలూ నావే, మాటల కోతలూ నావే" అని మీసం దువ్వేవాడు. డాక్టరు సిగరెట్లు మానమన్నాక మానేశానంటాడు గానీ, ఇంట్లో ఎవరూ నమ్మరు.

ఒక సెలవురోజు మధ్యాహ్నం ఆయన గ్లాసుతో మంచినీళ్లు తాగుతూ వంటింట్లో నిలబడ్డాడు.

"మామయ్యా, ఇలా చూడండి. పొద్దున మేడమీద సిగరెట్టు కాల్చారా?"

ఆయన వెంటనే జవాబివ్వలేదు. గోడకేసి చూశాడు.

"లే... లేదమ్మా" అన్నాడు నసుగుతూ. పెదవి ఎడమ పక్కకు లేచింది.

"దొరికారు!" ఆమె చప్పట్లు కొట్టింది. "ఏమండీ, రండి! మీ నాన్నగారు దొరికిపోయారు!"

భర్త నవ్వుతూ వచ్చాడు. "ఒప్పేసుకో నాన్నా. నీకు సరైన కోడలే తగిలింది."

"మళ్లీ చెప్పండి మామయ్యా, ఒక్కసారి."

"కాల్... కా..." మాట ముద్ద కట్టింది.

"చూశారా, నాలుక ఎలా తడబడుతోందో!" ఆమె పకపకా నవ్వింది. ఆయన కుడిచేతిలో గ్లాసు వాలిపోయి, నీళ్లు చొక్కామీదికి కారుతున్నాయి. ఆయన దులుపుకోలేదు.

గుమ్మంలోకి వచ్చిన అత్తగారు కెవ్వుమంది. "నవ్వు కాదే అది! రెండో పక్క జారిపోయింది! ఆ కన్ను చూడు!"

గ్లాసు నేలమీద పడి దొర్లింది. భర్త తండ్రిని ఒడిసిపట్టుకున్నాడు. చిన్నకోడలి చేతులు మాత్రం చప్పట్లు కొట్టబోయినట్టే గాలిలో ఆగిపోయాయి. ఆలస్యమైన జవాబు చూసింది. పెదవి చూసింది. అన్నీ చూసింది. చూసి నవ్వింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆయన మీదికి వంగి, "ఏదీ, ఒకసారి నవ్వండి" అంది. ఆ మాటకు చిన్నకోడలు తల దించుకుంది.

"ఎప్పుడు మొదలైంది?"

భర్త భార్యవైపు చూశాడు.

"నేను ఆయన్ని ఆటపట్టిస్తున్నప్పుడండీ" అంది. "గంట కూడా కాలేదు. కొంతసేపు... అబద్ధం ఆడుతున్నారనుకున్నాను."

"మెదడులో రక్తం గడ్డకట్టింది. కరిగించడానికి మందిస్తాం. త్వరగానే తెచ్చారులెండి."

త్వరగా! ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. బయట బల్లమీద భర్త, "నేనూ నవ్వానుగా" అన్నాడు మెల్లిగా. అత్తగారికి కోపమో, భయమో తెలుసుకోవాలని తలెత్తడానికే చిన్నకోడలికి ధైర్యం చాలలేదు.

ఆయన బతికి ఇంటికొచ్చాడు. కుడిచెయ్యి ఇంకా కత్తెర పట్టదు. మాటలు ఒక్కొక్కటే వస్తాయి. రోజూ మొహం కసరత్తుకని అద్దం ముందు బుగ్గలు పూరించాలి, పెదవులు సాగదీయాలి. అద్దం పట్టుకునే పని చిన్నకోడలు తీసుకుంది.

ఒకరోజు బుగ్గ నిండకుండానే గాలి తుస్సుమంది. ఆయన ఎడమచేత్తో అద్దాన్ని నెట్టేశాడు.

"కోపమొచ్చిందా మామయ్యా?"

జవాబు కోసం ఆమె ఆయన మొహంలో వెతకలేదు. ఆయనే చెప్పేదాకా కూర్చుంది.

"విసు...గు."

"సరే. రేపు చేద్దాం" అని అద్దం పక్కన పెట్టి, ఆయన చొక్కా గుండీ సరిచేసింది.