కుప్పమ్మ చెప్పిన అబద్ధం

ధనంజయకు మెడిసిన్ పరీక్ష ఒకసారి తన్నేసింది. ఫైనలియర్‌లో రాత పేపర్లన్నీ ఎట్లాగో గట్టెక్కాయి కానీ, రోగి మంచం పక్కన నిలబడి చెప్పాల్సిన ప్రాక్టికల్లో నోరు పెగల్లేదు. చిత్తూరులో వాళ్ళ నాయన జయరామ్‌కు బెల్లం మండీ ఉంది. కొడుకు తప్పాడన్న సంగతి ఆయన ఎవరికీ చెప్పుకోలేదు. మండీకి వచ్చే రైతులు మాత్రం, మీ డాక్టరబ్బాయి ఎప్పుడొస్తాడు, మా నడుం నొప్పి చూపించుకోవాలి అని అడుగుతూనే ఉన్నారు. అది తెలిసి ధనంజయ ఊరికి పోవడమే మానుకున్నాడు.

ఈసారి తప్పితే ఇక తలెత్తుకోలేడు. అందుకని పరీక్ష నెల రోజులుందనగా పుస్తకాలు మూసి రోగుల మీద పడ్డాడు. అందరూ పడేవాళ్ళే. తిరుపతి పెద్దాసుపత్రిలో ఏప్రిల్ వచ్చిందంటే విద్యార్థులు వార్డుల్లో మంచి కేసులు వెతుక్కుంటూ తిరిగేవాళ్ళు. చేతికి బాగా తగిలే గడ్డ, చెవికి స్పష్టంగా వినిపించే గుండె చప్పుడు, ఇవీ మంచి కేసులంటే. రోగికి ఎంత చెడ్డదైతే పరీక్షకు అంత మంచిది. అంత చదువు చదివినవాళ్ళలో ఒక్కడికీ ఆ మాటలో తప్పు కనిపించలేదు.

డెబ్భై ఎనిమిదిలో వాళ్ళకు దొరికిన మంచి కేసు కుప్పమ్మ. తాతయ్యగుంట దగ్గర కాపురం. మొగుడు మునస్వామి రైల్వే స్టేషన్ నుంచి కొండ కిందికి జట్కా తోలేవాడు. చిన్నప్పుడు కీళ్ళ జ్వరమొచ్చి, దానివల్ల ఆమె గుండెలో ఒక కవాటం బిగుసుకుపోయింది. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి స్టెతస్కోపు ఆనిస్తే, దూరంగా బండి దొర్లుతున్నట్టు సన్నని గరగర. పరీక్ష అయ్యేదాకా ఉండమని వార్డు చీఫ్ తిరుమలయ్య గారు అడిగితే ఆమె సరేనంది. మంచం ఉంది, తిండి ఉంది, పిల్లకాయలు చదువుకుంటారు, మంచిదే కదా అనుకుంది.

ధనంజయ రోజూ పొద్దున వచ్చి ఆమె గుండె వినేవాడు. అక్కా అని పిలిచేవాడు. వింటూ వింటూనే తన సంగతులు చెప్పుకున్నాడు. పోయినసారి తప్పింది, నాయన నలుగురిలో దాచుకుంటున్నది, అంతా. ఆమె వినేది. ఈసారి నువ్వు పాసవుతావు లే నాయనా అని ధైర్యం చెప్పేది.

పరీక్షకు రెండు రోజులుందనగా, అటూ ఇటూ చూసి కొంగు చివర విప్పి చూపించింది. ఎర్రటి మరక.

"దగ్గితే పడింది. నిన్న గూడా పడింది. ఊపిరి సరింగా ఆడలా."

ధనంజయ గుండె జారిపోయింది. కుప్పమ్మ కోసం జారి ఉంటే ఈ కథే లేదు. చీఫ్‌కు తెలిస్తే ఆమెను వెంటనే గుండె ఆపరేషన్‌కు వేలూరు పంపేస్తారు, మంచి కేసు చేజారిపోతుంది, ఎవరికే రోగి అని పరీక్షలో తీసే చీటీలో తనకేదో అంతుపట్టని రోగం వస్తుంది, మళ్ళీ మొదటికే. అతని బుర్ర పరుగెత్తింది ఆ దోవనే.

"ఎవురికైనా చెప్పినావా?"

"లేదు నాయనా. నువ్వూ డాక్టరే గదా, నీతోనే చెప్తా ఉండా."

"పరీచ్చ అయ్యేదాకా చెప్పద్దు అక్కా. రెండు దినాలే. ఆ పైన నేనే చెప్తా."

ఆమె కొంగు మడిచి నడుముకు దోపుకుంది. మర్నాడు పక్క మంచం మీది దేవకమ్మ అతన్ని పిలిచి, ఈమెకు దగ్గొస్తే నర్సుకు వినపడకుండా నోట్లో గుడ్డ కుక్కుకుంటోంది, ఏందో చూడు అబ్బోడా అంది. ధనంజయ చూస్తానన్నాడు. చూడలేదు. హాస్టలుకు పోయి గుండె జబ్బుల అధ్యాయం ఇంకోసారి తిరగేశాడు. అందులో, ఇట్లాంటి రోగికి నెత్తురు పడితే ఆలస్యం చేయరాదని ఉన్న పేరా దగ్గర పేజీ తిప్పేశాడు.

పరీక్ష రోజు చీటీలో అతనికి కుప్పమ్మే వచ్చింది. అదృష్టం అట్లా ఉంటుంది, అడగరాని చోట అడిగినా ఇచ్చేస్తుంది. ధనంజయ తడబడకుండా చెప్పాడు. నాడి చెప్పాడు, చప్పుడు చెప్పాడు, రోగం పేరు చెప్పాడు. బయటి ఊరి నుంచి వచ్చిన ఎగ్జామినర్ తల ఊపుతూ విని, దగ్గులో రక్తం పడిందా అని అడిగాడు.

"లేదు సార్."

ఎగ్జామినర్‌కు నమ్మకం కుదరలేదు. కవాటం ఇంత బిగుసుకుపోతే పడకుండా ఉంటుందా అని గొణిగి, మంచం మీదికి వంగి తెలుగులో ఆమెనే అడిగాడు. కుప్పమ్మ ధనంజయ వైపు చూసింది. మొహం పాలిపోయి ఉంది, పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"లేదు సామీ. ఎప్పుడూ పడలా."

ఎగ్జామినర్ సరేనని మార్కులు వేసుకున్నాడు. ధనంజయకు తల కొట్టేసినట్టయింది. తప్పినప్పుడు కూడా అతను అంత సిగ్గుపడలేదు.

సిగ్గుపడ్డవాడు ఆ గడప దాటగానే చీఫ్ దగ్గరికి పోవాలి కదా. పోలేదు. ఎప్పటి నుంచి పడుతోంది అని అడిగితే ఏం చెప్పాలి? మర్నాడు సర్జరీ ప్రాక్టికల్ కూడా ఉంది. అది కూడా ముగించుకుని, ఆ మర్నాడు పొద్దున పోయి, రాత్రి నుంచి కుప్పమ్మకు నెత్తురు పడుతోంది సార్ అన్నాడు. ఒక అబద్ధానికి ఇంకొకటి తోడు. తిరుమలయ్య గారు పరుగున వచ్చి చూసి, గంటలో వ్యాన్ ఎక్కించి వేలూరు పంపేశారు. పరీక్ష అయిపోయాక కూడా వార్డుకొచ్చి రోగిని చూసినవాడే డాక్టరురా అని అందరి ముందరా ధనంజయ భుజం తట్టారు. మునస్వామి అతని కాళ్ళ మీద పడబోయాడు.

మే నెలలో ఫలితాలొచ్చాయి. ధనంజయ పాసయ్యాడు. అప్పటికి గంగ జాతర మొదలైంది. స్నేహితులు అతన్ని తాతయ్యగుంటకు లాక్కుపోయారు. ఆ రోజు బండ వేషం. వేషగాళ్ళు ఒళ్ళంతా కుంకుమ పూసుకుని, చేతిలో వేపమండ పట్టుకుని, ఎదురైనవాళ్ళనల్లా బూతులు తిడుతూ వస్తున్నారు. ఆ వేషంలో ఉన్నవాడు ఎవరినైనా తిట్టవచ్చు. తిట్లు తిన్నవాళ్ళు నవ్వుకుంటూ పోతారు, గంగమ్మ తిట్టు తగిలితే ఆ ఏడు రోగం రాదని.

ఒక వేషగాడు అంగడి సేట్‌ను తిట్టాడు, పోలీసును తిట్టాడు, ధనంజయ స్నేహితులను ఒక్కొక్కరినే వరస కట్టి తిట్టాడు. అందరూ పకపకా నవ్వుతున్నారు. ధనంజయ తన వంతు కోసం ఎదురుచూశాడు. ఎవరైనా తనను నోరారా తిడితే బాగుండునని అతనికి నెలగా ఉంది. వేషగాడు అతని ముందుకొచ్చి ఆగిపోయాడు. వేపమండ చంకలో పెట్టుకుని రెండు చేతులూ జోడించాడు. మునస్వామి.

"ఇంగొక దినం అయ్యుంటే మనిషి దక్కేది గాదని వేలూరులో చెప్పినారు సామీ. నువ్వు చూసినావు కాబట్టి బతికింది. నిన్ను తిడితే నా నోరు పడిపోతాది."

జనం పక్కకు తప్పుకుని ధనంజయకేసి గౌరవంగా చూశారు. అతనికి భూమి చీలి లోపలికి తీసుకుంటే బాగుండుననిపించింది.

"నన్ను గూడా తిట్టప్పా," అన్నాడు.

మునస్వామి నాలిక కరుచుకున్నాడు. నా వల్ల కాదన్నాడు.

"తిట్టయ్యా. అడగతా ఉండాడు గదా."

ఆ మాట అరుగు మీది నుంచి వచ్చింది. కుప్పమ్మ అక్కడ అంబలి కుండ ముందర కూర్చుని ఉంది. ఆపరేషనైన మనిషి, చిక్కి సగమైంది. పెళ్ళాం చెప్పాక మునస్వామికి తప్పలేదు. ధనంజయ నడకను తిట్టాడు, ముక్కును తిట్టాడు, ఇంకా పెళ్ళి కాని బతుకును తిట్టాడు. వీధంతా నవ్వింది. ధనంజయ తల వంచుకుని అన్నీ విన్నాడు. అందులో ఒక్కటి కూడా అతనికి తగల్లేదు. తగలాల్సిన మాట మునస్వామికి తెలియదు.

వేషగాడు ముందుకు పోయాక కుప్పమ్మ అతన్ని అరుగు మీదికి పిలిచి లోటాలో అంబలి పోసిచ్చింది. గొంతు బాగా తగ్గించింది.

"మా ఆయప్పకు నేను చెప్పలా. చెప్పను గూడా. మళ్లా తప్పితే మీ నాయన మొగం యాడ పెట్టుకుంటాడో అని ఆ పొద్దు అట్లా అనేసినాను. ఇంగ మీద నీతో ఎవురన్నా నెత్తర పడిందంటే, ఆ పొద్దే చెప్పు నాయనా."

ధనంజయ తల ఊపాడు. అంబలి ఒక్కో గుక్కే తాగాడు. లోటా ఖాళీ చేసి ఇచ్చేదాకా కుప్పమ్మ చెయ్యి చాపి అక్కడే కూర్చుంది.