రెబెకా తెచ్చిన డబ్బా

తిండి కోసం ఊళ్ళు తిరిగే మనిషిని నేను. గుడి చూస్తానని, కోట చూస్తానని ఇంట్లో చెప్పి బయల్దేరి, చివరికి ఆ ఊరి బజ్జీల బండి దగ్గర తేలతాను. అలాంటిదాన్ని వరంగల్ మాత్రం నాలుగేళ్ళు వాయిదా వేశాను. ఎందుకంటే ఆ ఊరి తిండి నేను కదలకుండానే నా మంచం దగ్గరికి వచ్చేది. హైదరాబాద్ హాస్టల్లో నా రూమ్మేట్ రెబెకాది వరంగల్‌లో కాశిబుగ్గ. ఇంటికి వెళ్ళొచ్చినప్పుడల్లా స్టీలు డబ్బా నిండా సర్వపిండి తెచ్చేది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు కలిపి, గిన్నె అడుగున చేత్తో ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి నూనె పోసి కాల్చిన రొట్టె. అంచులు కరకరలాడేవి, నడుమ మెత్తగా ఉండేది.

"మా అమ్మ చేసింది" అని డబ్బా నా ఒళ్ళో పెట్టేది రెబెకా.

మాది తణుకు. మా అమ్మ వంట గురించి నోరెత్తకపోవడమే ఆవిడకు నేను చేసే మర్యాద. అందుకే కాబోలు, ఎన్నడూ చూడని రెబెకా వాళ్ళమ్మ మార్తమ్మ మీద నాకు పిచ్చి ప్రేమ పుట్టింది. జ్వరమొచ్చినా, ఆఫీసులో చీవాట్లు తిన్నా, ఆ డబ్బా మూత తీస్తే ప్రాణం లేచొచ్చేది. ఫోన్లో దొరికినప్పుడు "ఆంటీ, మీ చేతికి బంగారు గాజులు చేయించాలి" అనేదాన్ని. ఆవిడ నవ్వి, "గట్లనా బిడ్డా, చెప్త తియ్" అనేది. ఎవరికి చెప్తుందో నేనడగలేదు.

ఇప్పుడు రెబెకాకు పుణెలో ఉద్యోగం వచ్చింది. నెలాఖరుకు హాస్టల్ ఖాళీ చేస్తుంది. ఇక డబ్బాలుండవు. అందుకే పట్టుబట్టి ఈసారి నేనే వరంగల్ వచ్చాను. మార్తమ్మ ఇంట్లో కూర్చుని, ఆవిడ చేత్తో వండింది ఆవిడే వడ్డిస్తే ఒక్కసారి తినాలి. అంతకు మించి నాకు ఏ కోరికా లేదు.

శనివారం పొద్దున రెబెకా స్టేషన్‌కొచ్చి నన్ను తిన్నగా హన్మకొండలో ఒక లాడ్జికి తీసుకెళ్ళింది. "ఇంట్ల సున్నాలేస్తాన్రు. సామానంతా బయటనే ఉన్నది" అంది. సరేలే అనుకున్నాను. సామాను పెట్టి కాసేపయ్యాక, "అమ్మ కూడ లేదే. మామకు పాణం మంచిగ లేదని నర్సంపేటకు పోయింది" అంది. నాకు నీరసమొచ్చింది. కానీ జబ్బు మనిషి మీద అలిగితే బాగుండదు కదా!

ఆ రోజంతా నన్ను తిప్పి తిప్పి మేపింది. మట్టెవాడలో మిర్చి బజ్జీలు, చౌరస్తాలో బిర్యానీ, ఇంకెక్కడో ఇరానీ చాయ్, మళ్ళీ చాయ్‌లోకి ఉస్మానియా బిస్కెట్లు. ప్రతి చోటా "ఎట్లుందే?" అని నా ముఖంలోకి చూసేది. "బాగుంది కానీ మీ అమ్మ చేతిది కాదుగా" అనేదాన్ని. అన్నప్పుడల్లా ఫోన్ తీసి ఏదో చూసుకునేది.

ఆదివారం చర్చికి పోతూ, "మధ్యాహ్నం వస్త, అప్పటిదాకా కోట చూసిరా" అంది. కోట ఎక్కడికీ పోదు. నా బ్యాగులో మార్తమ్మ కోసం తెచ్చిన తాపేశ్వరం కాజాల పెట్టె ఉంది. ఆవిడ లేకపోయినా పక్కింట్లో ఇచ్చి రావచ్చని ఆటో ఎక్కి కాశిబుగ్గ వెళ్ళాను. చర్చి వెనక సందులో అడుగుతూ పోతుంటే, నాకు బాగా తెలిసిన వాసన తగిలింది. ఒక ఇంటి వసారాలో నడివయసు ఆవిడ పొయ్యి ముందు కూర్చుని గిన్నెలో సర్వపిండి కాలుస్తోంది.

"ఎవలు గావాలె బిడ్డా?"

"మార్తమ్మ గారిల్లండీ."

"అగో, గా నీలం తలుపే." అని గొంతెత్తింది. "మార్తక్కా! నీ కోసం ఎవలో అచ్చిన్రు!"

నీలం తలుపు తీసుకుని తెల్లచీర కట్టుకున్న ఆవిడ బయటికొచ్చింది. గోడలకు సున్నం లేదు, బయట సామానూ లేదు. నర్సంపేటకు వెళ్ళిన మనిషి నా ముందు నిలబడి ఉంది.

"దీప్తివి గదా? ఫోన్ల సూసిన నిన్ను" అని నా రెండు చేతులూ పట్టుకుంది. ఆ పట్టుకోవడంలో ఎంత ఆపేక్ష ఉందో! నేను సున్నం సంగతీ నర్సంపేట సంగతీ ఒక్క క్షణం మరిచిపోయాను. వసారాలో కుర్చీ వేసి, ఉండు బిడ్డా అని గబగబా సందు చివరి కొట్టుకు వెళ్ళింది. కూల్‌డ్రింక్ సీసా తెచ్చి నా పక్కన స్టూలు మీద పెట్టింది.

"సీలు తియ్యలే. నువ్వే తీసుకో బిడ్డా."

అదేం మర్యాదో నాకు అర్థం కాలేదు. "ఇవన్నీ ఎందుకాంటీ, మీ సర్వపిండి పెట్టండి చాలు" అన్నాను.

"అయ్యో, ఎందుకు పెట్టను? జర కూసో, పక్కింటి సమ్మమ్మకు చెప్పొస్త. ఎట్లాగు పొయ్యి మీదనే ఉన్నది."

"ఆవిడెందుకు? మీరు చెయ్యరా?"

"నేనెట్ల చేస్త బిడ్డా?" నేనేదో అడగకూడని వెర్రి ప్రశ్న అడిగినట్టు చూసింది ఆవిడ. "మీవోళ్ళు మా చేతిది తినరు గదా. రెబెకా మొదట్లనే చెప్పింది. అందుకే నీ డబ్బా ఎన్నడు నేను ముట్టలే. పిండి నాదే, పల్లీలు నావే, నూనె నాదే. చెయ్యే సమ్మమ్మది, వాళ్ళ చేతిదైతే మీవోళ్ళు తింటరు. గిన్నె గూడ వాళ్ళదే. నువ్వేం ఫికర్ చెయ్యకు."

నన్ను ఊరడించడానికే చెప్పింది ఆ మాటలు. నా కులం చెడకుండా ఇన్నాళ్ళూ ఎంత జాగ్రత్తగా కాపాడిందో నాకు తెలియాలి కదా మరి! సరుకులు తనింట్లోంచి పంపి, పక్కింటి చేత్తో చేయించి, నేను ఫోన్లో మెచ్చుకున్న మాటలన్నీ పక్కింటికి మోసి, ఒక్కరోజు కూడా చిన్నబుచ్చుకోలేదు ఈ తల్లి. నా ఇంటిపేరు చూసి నా నోరు ఏది మింగుతుందో, ఏది మింగదో తేల్చేసింది రెబెకా.

అంతలో రెబెకానే వచ్చింది, చేతిలో బైబిలుతో. నన్ను చూసి సందులోనే ఆగిపోయింది.

"మీ అమ్మ నర్సంపేట నుంచి ఎప్పుడొచ్చిందే?" అన్నాను.

"లోపలికి రా. వాడ మొత్తం వింటది."

"విననీ! నాలుగేళ్ళు ఒక కంచంలో తిన్నాం కదే. నువ్వు కొరికిన జామకాయ తిన్నాను, నువ్వు తాగి ఇచ్చిన చాయ్ తాగాను. తింటావా అని ఒక్కసారి, ఒక్కసారన్నా అడిగావా నన్ను?"

"అడిగితే ఏమంటవు? తింట అంటవు. అందరు గట్లనే అంటరు." రెబెకా గొంతు కూడా లేచింది. "కాలేజీల నా దోస్తు గిట్లనే అన్నది. ఇంటికచ్చింది. అమ్మ పొద్దటి సంది వండింది. కడుపు నొస్తాందని మంచినీళ్ళు గూడ ముట్టకుంట పోయింది ఆ పిల్ల. అమ్మ ఆ దినమంతా మాట్లాడలే. మళ్ళ అమ్మ ముఖం నేనట్ల సూడలేను."

"అది చేసింది ఆ పిల్ల. నేను కాదు."

"నువ్వు చెయ్యవని నాకెట్ల తెలుస్తది?"

పక్క మంచం మీద పడుకుని, నా ఏడుపులూ నా గురకలూ అన్నీ విన్న మనిషి అడిగిన మాట ఇది. దాని బాధ నాకు తెలియక కాదు. జాలిపడాల్సిన చోటని తెలుసు. అయినా కోపమే వచ్చింది, ఒళ్ళు మండేంత కోపం.

"మరి మా అమ్మ చేసిందని ఎందుకు చెప్పావే? సమ్మమ్మ గారు చేశారంటే నేను తిననా?"

"నీకు గా మాట ఇష్టం గదా" అంది, తల దించుకుని.

ఇంకేం మాట్లాడాలి దానితో? చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి, వంటగదిలో గచ్చు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. "ఆంటీ, ఇవాళ మీకోసం మీరేం వండుకున్నారో అదే పెట్టండి."

మార్తమ్మ నన్ను చూడలేదు. కూతురి వైపు చూసింది, పెట్టనా వద్దా అన్నట్టు. నేను నోరు తెరిచి అడుగుతున్నా నా మాట చెల్లలేదు, రెబెకా మాటే చెల్లుబాటు. రెబెకా గుమ్మం దగ్గర బైబిలు గూట్లో పెట్టింది.

"బోటి కూర బిడ్డా, జొన్నరొట్టె. నీకు పడ్తదో పడదో" అంటూనే పళ్ళెం కడిగి, మళ్ళీ కడిగి, వడ్డించింది.

రొట్టె తుంచి ఆ పేగుల కూరలో ముంచి నోట్లో పెట్టుకున్నాను. కారం! గోదావరి దాన్నయినా, కారం అంటే ఏమిటో నాకు తెలుసనుకున్నాను ఇన్నాళ్ళూ. పొరబోయింది, దగ్గు తన్నుకొచ్చింది, కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. నిజం చెప్పాలంటే అన్నీ కారం నీళ్ళు కావు. తల ఎత్తేసరికి రెబెకా గుమ్మంలో నిలబడి నా ముఖాన్నే చూస్తోంది. నిన్నంతా బజ్జీల బండి దగ్గరా, బిర్యానీ హోటల్లోనూ చూసినట్టే.

"అమ్మా, తియ్యి ఆ పళ్ళెం" అంది. "చెప్పిన గదా నీకు."

మార్తమ్మ చెయ్యి చాచింది. నేను ఎడంచేత్తో పళ్ళెం అంచు గట్టిగా పట్టుకున్నాను. "కారం ఆంటీ! కారం, అంతే! ఇంకేం లేదు!" అని అరిచాను. అరవకుండా ఉండాల్సింది. ఆ అరుపుతో ఆవిడ ఇంకా బెదిరిపోయింది. దగ్గుతూనే తిన్నాను. రొట్టె అయిపోయింది, ఇంకోటి అడిగాను. కూర అడిగాను. పళ్ళెం వేలితో తుడుచుకుని తిన్నాను.

మార్తమ్మ నా పక్కన కూర్చుని, నా వీపు మీద చెయ్యి వేసి మెల్లగా రాసింది.

"సాలు బిడ్డా" అంది. "మమ్ముల సంతోషపెట్టాలని గంత కష్టపడకు."

నాకు నిజంగానే ఆకలిగా ఉంది. కూర నిజంగానే బాగుంది. ఆ రెండు మాటలూ ఆ ఇంట్లో ఎవరూ నమ్మకుండా చేసేసింది రెబెకా.