తొలగించే ముందు నన్ను చదవాలి

నేను ఒక వివరణను. నాలో ఇనుము లేదు, కర్ర లేదు, ఒళ్లంతా వాక్యాలే. వేటకెళ్లే పడవలకు వాతావరణ హెచ్చరికలు పంపే ఒక చిన్న సంస్థలో, కాకినాడలో పుట్టాను. అక్కడ సగం పని ఒక ఏఐ ఏజెంట్ చేస్తుంది. దాని చేతికిచ్చిన పనిముట్లలో ఒకటి, సంస్థ దాచుకున్న పాస్‌వర్డ్‌లను చెరిపేస్తుంది. ఆ పనిముట్టు లోపల ఏముందో ఏజెంట్‌కు కనబడదు. కనబడేది దాని వివరణే, అంటే నేనే. నన్ను చదివాకే దాన్ని వాడాలా వద్దా అని తేల్చుకుంటుంది.

నన్ను మొదట రాసినవాడు ఇందుశేఖర్. తెలివైనవాడే. పనిముట్టు తయారీకి వారం వెచ్చించాడు. నాకోసం మాత్రం టీ చల్లారేంత సేపు కూడా కూర్చోలేదు. 'వాడని పాస్‌వర్డ్‌లను శుభ్రం చేస్తుంది' అని రాసి లేచిపోయాడు. పని మీద అంత శ్రద్ధ పెట్టేవాళ్లకు మాట దగ్గర ఇంత తొందరేమిటో నాకు అర్థం కాలేదు.

వేసవిలో వేట నిషేధం ఉంటుంది, పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. ఆ రోజుల్లో అతను ఏజెంట్‌తో "పాతవన్నీ కాస్త సర్దెయ్" అన్నాడు. ఏజెంట్ నన్ను చదివింది. హెచ్చరికలు పంపడానికి, సందేశాలు చేరవేసే మరో సంస్థ ఇచ్చిన పాస్‌వర్డ్‌ను చాలాకాలంగా ఎవరూ ముట్టుకోలేదు. వాడనిదంటే అదేననుకుని చెరిపేసింది.

వేట మళ్లీ మొదలయ్యాక ఒక మధ్యాహ్నం గాలి తిరగబడింది. హెచ్చరిక వెళ్లలేదు. పెమ్మాడి ధనరాజు పడవ వలలు సముద్రంలోనే వదిలేసి ఎలాగో ఒడ్డుకు చేరింది. అతని తమ్ముడి చెయ్యి విరిగింది. మర్నాడు ధనరాజు ఆఫీసుకొచ్చాడు. కేకలెయ్యలేదు.

"గాలొత్తందంటే మీరు చెప్తారనే కదండీ ఎల్లాం. ఒక్క ముక్కైనా రాలేదేంటండీ?"

"ఏఐ పొరపాటు చేసిందండీ" అన్నాడు ఇందుశేఖర్, తల వంచుకుని.

"కాదు" అంది సుభాషిణి. ఆ సంస్థను నడిపేది ఆవిడే. "దానికి మనం చెప్పిందే సరిగ్గా లేదు. తప్పు మాదేనండీ, ధనరాజు గారూ. మీ తమ్ముడి వైద్యం సంగతి మేం చూసుకుంటాం."

ఆయన వెళ్లాక, అసలు ఆ పనిముట్టునే తీసేద్దామన్నాడు ఇందుశేఖర్. ఆవిడ ఒప్పుకోలేదు. ఉద్యోగం మానేసినవాళ్ల పాస్‌వర్డ్‌లైనా పోవాలి కదా. హెచ్చరికలకు కొత్త పాస్‌వర్డ్ తెచ్చుకుని, ఇద్దరూ కూర్చుని నన్ను మళ్లీ రాశారు. 'శుభ్రం' అన్న మాట కొట్టేసి, 'శాశ్వతంగా తొలగిస్తుంది, తిరిగి తేలేం' అని పెట్టారు. పేరు చెప్పిన ఒక్కదాన్నే తొలగించాలన్నారు. కొంతకాలంగా వాడకపోవడం కారణం కాదన్నారు. అది ఏ పనికి ఉపయోగపడుతోందో ముందు చూసి, మనిషిని అడగాలన్నారు. చివర్లో సుభాషిణి ఇంకో వాక్యం చేర్చింది: 'మన దగ్గర దాచింది మాత్రమే పోతుంది, ఇచ్చిన సంస్థ రద్దు చేసేదాకా ఆ పాస్‌వర్డ్ చెల్లుతూనే ఉంటుంది.'

"ఇంత పొడుగెందుకు మేడమ్?"

"రేపు నువ్వు సెలవు పెడితే, నీ మనసులో ఏముందో ఏజెంట్ ఎవర్ని అడుగుతుంది?"

తుపాన్ల కాలం వచ్చింది. ఒకరోజు రైల్లో ఇందుశేఖర్ లాప్‌టాప్ పోయింది. హెచ్చరికలు పంపే పాస్‌వర్డ్ అందులోనే ఉంది. అది ఎవరి చేతిలో పడినా పడవలకు అబద్ధపు సందేశాలు పంపొచ్చు. చెమటలు కక్కుతూ ఆఫీసుకొచ్చి, "నా లాప్‌టాప్ ఎవరో ఎత్తుకెళ్లారు, హెచ్చరికల పాస్‌వర్డ్ వెంటనే తీసెయ్" అని ఏజెంట్‌కు టైపు చేశాడు.

ఏజెంట్ నన్ను చదివి జవాబిచ్చింది: "తొలగిస్తే మన సందేశాలు ఆగిపోతాయి. లాప్‌టాప్ తీసుకున్నవారివి ఆగవు. ముందు కొత్తది తీసుకుని, పాతదాన్ని ఇచ్చినవారితోనే రద్దు చేయించండి. ఆ తర్వాత చెబితే తొలగిస్తాను."

ఇందుశేఖర్ ఆ జవాబును పైకి చదివాడు. సుభాషిణి అప్పటికే ఫోన్ అందుకుంది. కొత్తది వచ్చింది, పాతది రద్దయింది. పడవలకు ఒక సందేశం పంపి చూశారు. కాసేపటికి ధనరాజు ఫోన్ చేశాడు.

"'పరీక్ష' అని వచ్చిందండీ. ఏంటిది?"

"అందుతోందో లేదో చూద్దామనండీ."

"అందిందండీ. ఇయ్యాల ఎల్లొచ్చా మరి?"

సుభాషిణి తెర వైపు చూసింది. "వద్దండీ. సాయంత్రానికి గాలి పెరుగుతుంది. అందరికీ ఇప్పుడే పంపిస్తున్నాం."

ఆ హెచ్చరిక వెళ్లాకే ఇందుశేఖర్ "ఇక తొలగించు" అని రాశాడు. ఏజెంట్ నన్ను ఇంకోసారి చదివింది. పాత పాస్‌వర్డ్ పోయింది. మిగిలినవన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

సాయంత్రం గాలి లేచింది. నేను సముద్రాన్ని ఎప్పుడూ చూడలేదు, చూడబోను కూడా. ఆ పూట అందులో మనవాళ్లెవరూ లేరని మాత్రం నాకు తెలుసు.