మూడో తలుపు

యోసేపు పండుగ పొద్దున క్రొచిఫిస్సా గ్నాజియో మావకు గొర్రెబొచ్చు గడ్డం అతికిస్తోంది. మావ మాత్రం ఒకటే నవ్వు.

"నవ్వకు మావా, ఊడిపోతుంది! ఈసారి జైలుతో పోదు, నరకానికే పోతాం."

"జైల్లో చలికి చచ్చానే పిల్లా. నరకంలో ఆ బాధైనా ఉండదు."

రొక్కామేర ఊళ్లో ఏటా ఈ రోజున దొరసాని ముగ్గురు నిరుపేదలకు యోసేపు, మరియమ్మ, బాలయేసు వేషాలు కట్టించి, కాళ్లు కడిగి, కొసరి కొసరి వడ్డిస్తుంది. ఆ ఒక్కరోజే పేదవాడు దేవుడు. తెల్లారితే మళ్లీ కూలివాడే, ఆవిడ గుర్రబ్బండి ఎదురైతే టోపీ తీసి పక్కకు తప్పుకోవాల్సిందే. ఈ ఏడు ఊళ్లోకెల్లా పేదవాడెవడా అని వెతికితే గ్నాజియో దొరికాడు. అతను కూలీల సంఘం పెద్ద, ఎర్రజెండా మనిషి. ఎర్రవాళ్లకు దివ్యప్రసాదం పెట్టొద్దని రోమ్ నుంచి ఉత్తర్వు వచ్చిందే అని ఫాదర్ గారు నసిగారు. "నేను మొక్కుకున్నది పేదవాడికి, మంచివాడికి కాదు. నా కూడు తిన్నాక ఆ నోరు దానంతటదే మూతపడుతుంది" అని దొరసాని తేల్చేసింది.

అసలు గొడవంతా భూమి గురించి. ఊరి బయట ఆవిడ భూమి ఇనుప గేటు వెనక ముళ్లపొదలు మొలిచి ఊరికే పడి ఉంది. బీడు భూములు సంఘాలకు ఇవ్వాలని చట్టం వచ్చింది. చట్టమైతే వచ్చింది గానీ గేటు మాత్రం తెరుచుకోలేదు. చలికాలానికి ముందు జెండాలు పట్టుకుని వెళ్తే పోలీసులు ఆడా మగా చూడకుండా బాదారు, గ్నాజియోను లోపల వేశారు. ఈ అదను దాటేలోగా ఆ భూమి దున్ని శనగలు చల్లకపోతే ఇక సంఘం మిగలదు. మగవాళ్లంతా బెల్జియం బొగ్గుగనులకు మూటలు కట్టేశారు. క్రొచిఫిస్సాను చేసుకోబోయే సారో కూడా కట్టాడు. ఒకసారి ఆ గనిలోకి దిగినవాడు ఎలా తిరిగొస్తాడో, అసలు వస్తాడో రాడో ఎవరికి తెలుసు? అందుకే ఆమె మరియమ్మ వేషానికి ఒప్పుకుని నీలం ముసుగు వేసుకుంది.

బ్యాండు మోగింది. ఆచారం ప్రకారం మొదటి తలుపు కొడితే "చోటు లేదు, పొండి" అన్నారు. రెండో తలుపు దగ్గరా అదే మాట. మూడోది దొరసాని మేడ, ఏటా తెరుచుకునే తలుపు అదే. జనం కుడివైపు తిరిగారు. యోసేపు, బాలయేసును చంకనేసుకుని, ఎడమవైపు తిరిగాడు!

"ఇటు కాదయ్యా, అటు!" అని ఫాదర్ గారు అరిచారు. ఎవరు వింటారు? బ్యాండువాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుని యోసేపు వెంటే నడిచారు. ఊరు ఊరంతా కదిలింది. పందిరి కోసమని ఆకుల కొమ్మలు మోస్తున్న కంచరగాడిదలూ కదిలాయి. ఆ కొమ్మల కింద నాగళ్లున్నాయి.

దొరసాని బీడు గేటు లోపల ఆవిడ నౌకరు వన్ని తుపాకీతో ఉన్నాడు. ఏటా మేడ తలుపు వెనక నిలబడి దొరసాని తరఫున జవాబు చెప్పేది ఇతనే. ఈసారి ఎందుకైనా మంచిదని ఆవిడ ఇతన్ని ఇక్కడ కాపలా పెట్టింది.

గ్నాజియో కర్రతో మూడుసార్లు గేటు మీద కొట్టాడు. వన్ని తుపాకీ ఎత్తాడు. బ్యాండు ఆగిపోయింది.

"ఎవరు మీరు?" అన్నాడు వన్ని.

గ్నాజియో చూపు తుపాకీ గొట్టం మీదే ఉంది. క్రొచిఫిస్సా సిలువ గుర్తు వేసుకుంది. స్వామీ, పాపమైతే నా ఒక్కదాని మీదే వెయ్యి అనుకుని గట్టిగా అరిచింది.

"యేసు, మరియ, యోసేపులం!"

"ఏం కావాలి?"

"తిండి! ఇంత చోటు!"

"ఇక ఇది నా ఇల్లు కాదు, మీ ఇల్లే. లోపలికి దయచేయండి" అని ఏటా చెప్పే మాటే అనేశాడు వన్ని. అనేశాక గానీ ఏమన్నాడో అతనికి తెలీలేదు. అప్పటికే చెయ్యి కూడా అలవాటుగా గడియ తీసేసింది.

"యోసేపుకు జై!"

ఆ కేకకు కొండ దద్దరిల్లింది. జనం గేటు తోసుకుని లోపలికి ఉరికారు. ముసలమ్మలు ఏడుస్తూ నవ్వుతూ ముళ్లపొదలకు అడ్డంపడి పరిగెత్తారు.

వడ్డించిన బల్ల దగ్గర ఎదురుచూసి చూసి దొరసాని బండి కట్టించుకుని వచ్చింది. "పొండి నా భూమిలోంచి! ఆ తలుపు కొట్టడం, 'మీ ఇల్లే' అనడం అంతా ఉత్త నాటకం! ఫాదర్, మీరైనా చెప్పండి!"

అందరూ ఫాదర్ వైపు తిరిగారు. క్రొచిఫిస్సా ముందుకొచ్చింది.

"అయితే ఏటా మా కాళ్లు కడిగింది కూడా నాటకమేనా దొరసానమ్మా?"

దొరసాని మళ్లీ ఫాదర్ గారి వైపు తిరిగింది. ఫాదర్ గారు చెమట తుడుచుకున్నారు. ఆ తర్వాత మెల్లగా అన్నారు.

"నాటకమని నా నోటితో నేను అనలేనమ్మా."

అంతే! కొమ్మలు కింద పడ్డాయి, నాగళ్లు బయటికొచ్చాయి. గ్నాజియో గడ్డం పీకి గాల్లోకి విసిరాడు. గేటు దగ్గర సారో ఇంకా నోరు తెరుచుకునే నిలబడి ఉన్నాడు, సాయంత్రం రైలుకు కట్టుకున్న మూట భుజాన అలాగే ఉంది.

"చూస్తావేం? ఆ మూట అవతల పారేసి నాగలి పట్టు!" అంది మరియమ్మ.

సారో మూట పారేశాడు.