ఎవరిదీ కాని బావి

గడ్డం బ్రష్‌ను సబ్బు నురుగులో ముంచి, గణేశ్వరరావు గుంత అంచున బోర్లా పడుకుని, చెయ్యి చాచి గ్యాస్ బావి మూత అతుకు చుట్టూ పూస్తున్నాడు. సిమెంటు అంచుకు రాసుకుని రాసుకుని ఎడమ మోచెయ్యి కాయకాసింది. గ్యాస్ కారితే నురుగులో బుడగ లేస్తుంది. రోజూ బియ్యపుగింజంత లేచేది. ఇవాళ చింతపిక్కలంత బుడగలు వరసగా లేచి పగులుతున్నాయి.

ఈ దీవిలో ఫెరార్గంజ్ ఊరు దాటాక రోడ్డు పక్కన ఈ బావి తవ్విన కంపెనీ, గ్యాస్ చాలదని మూతవేసి పోయింది. తర్వాత కంపెనీయే మూతపడింది. బావిని పూడ్చే బాధ్యత ఎవరిదో ఆఫీసుల్లో తేలలేదు. కాపలాదారు గణేశ్వరరావును పొమ్మన్నవాళ్లూ లేరు. రేకుల షెడ్డులోనే వండుకుంటూ అతని జుట్టు నెరిసింది.

బావి ఫైలు చూసే ఆఫీసు గుమాస్తా ఉమేష్‌కి ఫోన్ చేశాడు.

"హాత్ మత్ లగావ్ భయ్యా. ఎవరు ముట్టుకుంటే బావి ఆళ్ల నెత్తినే పడద్ది. ఫైలు తేలనీ."

రోడ్డవతల కాసులమ్మ బజ్జీల బండి. సాయంత్రం బస్సు వేళకి పొయ్యి వెలుగుతుంది. అతను రోడ్డు దాటి ఆమె దగ్గరికి వెళ్లాడు.

"ఇయ్యాల పొయ్యి ముట్టించకే. గాలి లేదు, గ్యాస్ ఇటే పాకుతాది."

"రోజూ అదే పాట బాబాయ్! నువ్వా బావిని పెళ్లాడావు గానీ నాను కాదు కదా. బస్సోళ్లకి నీ బుడగలు పెట్టనా?"

అతను నవ్వాడు. "పోనీ, నాను సెయ్యి ఊపీదాకా ఆగు."

"జల్దీ ఊపు మరి."

వెదురుకు కట్టిన ఎర్రగుడ్డ కదలని పూట గుంతలో దిగకూడదన్నది అతను పెట్టుకున్న నియమమే. బోల్టులు బిగించాలంటే మాత్రం దిగాల్సిందే. వేలాడుతున్న గుడ్డను ఓసారి చూసి, రెంచి తీసుకుని దిగాడు. ఇనుము మీద ఇనుము చప్పుడు కాసేపు వినిపించింది.

కాసులమ్మ పిండి కలిపి, అగ్గిపెట్టె చేతపట్టుకుని నిలబడింది. బస్సు వచ్చింది.

"దీదీ, బజ్జీ?"

"రుకో భయ్యా, బాబాయ్ సెయ్యి ఊపలేదు."

బస్సు వెళ్లిపోయింది. రోడ్డు దాటి చూసింది. కుళ్లిన గుడ్ల వాసన. అడుగున అతను గొట్టానికి నుదురు ఆనించి కూర్చుని ఉన్నాడు. పిలిస్తే కదల్లేదు. రోడ్డున పోయేవాళ్లు ముక్కులకు గుడ్డలు కట్టుకుని తాళ్లతో పైకి లాగేసరికి ఒళ్లు చల్లబడింది.

మర్నాడు ఉమేష్ దూరంగా నిలబడి అడిగాడు: "బావిని ఎవరైనా ముట్టుకున్నారా?"

"బాబాయ్ ముట్టుకున్నాడు. ఇంక బావి ఆయనదే, రాసుకో."

ఆమె పొయ్యి వెలిగించలేదు. గుంత అంచున సబ్బు కప్పు నిన్న పెట్టినచోటే ఉంది. ఎండి గట్టిపడిన నురుగులో బ్రష్ నిటారుగా నిలబడి ఉంది.