ఏడువేల మూడువందల తొంభైమూడు కాయలు

నాన్న పోయాక పాలకొల్లు పక్కనున్న మా కొబ్బరితోట పంపకానికి అన్నయ్య శివరామరాజు ఒక షరతు పెట్టాడు.

"ముందు ఈ దింపు కాయలు ఇద్దరం సరిసమానంగా పంచుకుందాంరా. కుదిరిందా, తోట చెరిసగం. కాయలే పంచుకోలేనివాళ్లం గట్లేం పంచుకుంటాం? కుదరకపోతే పెద్దవాణ్ణి, అంతా నాదే."

వైరస్ వచ్చి రొయ్యల చెరువు ఊడ్చుకుపోయిన నాకు ఆ సగం తోటే దిక్కు. పంపకాల్లోనే పెంపకాలు తెలుస్తాయంటూ ఒప్పుకున్నాను. అన్నయ్య నవ్వలేదు.

కాయలు దింపే లోవరాజు చేతికి రెండేసి కాయలు విసురుతూ, వందకొక కాయ గుర్తుగా పక్కన పెడుతూ లెక్క తేల్చాడు.

"ఏడువేల మూడువందల తొంభైమూడండి, ఆయ్."

"ఒకటి నువ్వు పట్టుకెళ్లు. సరిపోతుంది," అన్నాను నేను.

అతను ఒక కాయ సైకిలుకు కట్టుకున్నాడు. అన్నయ్య మళ్లీ లెక్కపెట్టించాడు. మళ్లీ తొంభైమూడే. ఇంకొకటి కొట్టించి నీళ్లు తాగాం. మళ్లీ తొంభైమూడే. నాలుగోసారి లెక్కకి నేనే కూర్చున్నాను. అదే తొంభైమూడు. లెక్క తప్పడం నాకు అలవాటే గానీ, ప్రతిసారీ ఒకేలా తప్పడం అలవాటు లేదు.

కాలేజీలో లెక్కలు చెప్పే ఫణీంద్ర మాస్టారికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"అది ప్రధాన సంఖ్యండి."

"ప్రధానం అయితే అయిందిలెండి, పెళ్లెప్పుడు?"

"జోకులాపండి రాజుగారూ. రెండుతో, మూడుతో, నాలుగుతో, ఏడుతో, పన్నెండుతో భాగించి చూడండి, ఒకటి మిగిలిపోతుంది. దాన్ని తెగకుండా పంచే దారులు రెండే. అంతా ఒక్కడికి. లేదా ఏడువేల మూడువందల తొంభైమూడు మందికి తలా ఒకటి."

అన్నయ్య మొహం వెలిగింది. "విన్నావుగా, ఒక్కడికి! లోవరాజూ, లారీని లోపలికి రమ్మను."

లోవరాజు కదల్లేదు. "లారీకి దారి లేదండి. గట్టు మీద జనమండి."

మిట్టమధ్యాహ్నం. కాలవగట్టు పొడుగునా వరుస కట్టి ఉన్నారు, ఆడా మగా, ముసలీ ముతకా. అందరి బట్టలూ తడిసి కారుతున్నాయి. వాళ్ల కాళ్ల కింద మట్టి మాత్రం పొడిగానే ఉంది.

"ఎవరండీ మీరు? ఎవరి తాలూకా?" అన్నాడు అన్నయ్య.

ముందున్న మనిషి కాయల దగ్గరికి దిగొచ్చి వంగి, ఒక కాయ తీసుకుని, గట్టెక్కి కాలవలోకి దిగాడు. నీళ్లు కదల్లేదు. వెనకావిడ వచ్చింది. ఆవిడ వెనక ఇంకొకరు. నేను ఆపబోయి ఒకాయన చెయ్యి పట్టుకున్నాను. ఐసుపెట్టెలో చెయ్యి పెట్టినట్టయింది. ఆ తరవాత నాకు ఏ చమత్కారమూ తోచలేదు.

పొద్దు వాలేసరికి వరుస అయిపోయింది. ఖాళీ నేల మీద ఒక కాయ ఉంది. కాలవలో, మెడలోతు నీళ్లలో నిలబడి, వాళ్లంతా మావైపే చూస్తున్నారు.

"ఇంకొకరు రావాలండి," అన్నాడు లోవరాజు, వెనక్కి జరుగుతూ.

అన్నయ్య నా భుజం మీద చెయ్యి వేశాడు. చిన్నప్పటి నుంచీ ఎప్పుడూ వినని మెత్తని గొంతుతో అన్నాడు:

"తోటలో సగం నీదేరా తమ్ముడూ. సగం ఏంటి, అంతా నువ్వే ఉంచుకో. వెళ్లు, ఆ కాయ కూడా నువ్వే తీసుకో."